ఓవెన్‌ల ఆచూకీ చెప్పే వెబ్‌సైటు

వేల్స్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా అందిస్తున్న జీవిత చరిత్రల వెబ్‌సైటులో ఓవెన్ అనే ఇంటిపేరు కోసం వెతికితే, సహకారోద్యమానికి ఆద్యుల్లో ఒకరైన రాబర్ట్ ఓవెన్ (1771–1858) మొదలుకొని, వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో పుట్టి 1769లో వర్జీనియాలో కన్నుమూసిన కవి గొరోన్వీ ఓవెన్ వరకు ఎందరో కనిపిస్తారు. తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడిన దేశంలో ఒకే పేరున్నవారు కోకొల్లలు కాబట్టి, ప్రతి పేరు పక్కనే జనన మరణ సంవత్సరాలనూ వృత్తినీ చూపడం ఎంతో సౌకర్యంగా ఉంది.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసినది డేనియల్ ఓవెన్ (1836–1895) వ్యాసం. పసితనంలోనే తండ్రినీ ఇద్దరు అన్నలనూ బొగ్గుగనిలో పోటెత్తిన నీరు పొట్టన పెట్టుకోగా, మోల్డ్ పట్టణంలో దర్జీగా బతుకుతూనే ఆయన వేల్స్ ప్రజల భాష అయిన వెల్ష్‌లో నవలకు పునాది వేశారు. వ్యాసాలు వెల్ష్, ఇంగ్లీషు భాషలు రెండింటిలోనూ లభిస్తాయి. సామాన్యుల వంశవృక్షాలను గాలించేవారికి మాత్రం ఇది తగిన చోటు కాదు.