గిట్ నా తప్పులు దిద్దుతున్న ఎనిమిదేళ్లు

కోడులో చేసిన మార్పులను నమోదుచేసి పెట్టే సాధనం గిట్. అందులో కమాండ్ తప్పుగా కొడితే దానికి దగ్గరగా ఉన్న పేరు చూపిస్తుంది. కావాలంటే ఆ పేరుతో తానే నడిపించేస్తుంది కూడా. ఈ రెండో సదుపాయం నన్ను ఒకసారి బాగానే ముంచింది. అయినా వదల్లేదు.

ఆ అమరిక పేరు హెల్ప్.ఆటోకరెక్ట్. దిద్దిన కమాండును ఎంతసేపు ఆగి నడపాలో దానికి ఒక అంకెతో చెప్పొచ్చు. ఒక సెకను ఆగుతుందిలే అని 1 పెట్టాను. మాన్యువల్ సరిగా చదివి ఉంటే ఆ లెక్క సెకనులో పదో వంతుల్లో అని తెలిసేది. ఒక సాయంత్రం నా కోడును సర్వర్‌కు పంపే పుష్ కమాండ్ కొట్టబోతే యు, ఎస్ అక్షరాలు తారుమారయ్యాయి. 0.1 సెకనులో కొనసాగుతున్నానని హెచ్చరిక వచ్చింది. కమాండును ఆపే కంట్రోల్-సి దగ్గరికి వేలు వెళ్లేలోపు సగం రాసిన కోడు అందరూ వాడే బ్రాంచిలో, అంటే కోడు పాయలో, చేరిపోయింది. నేను ఆ బ్రాంచిలో ఉన్నానన్న సంగతే మరిచాను. కమాండ్ ఆగిపోయి ఉంటే గుర్తొచ్చేదేమో!

మర్నాడు ఆ 1ని 20 చేశాను. తర్వాత ప్రాంప్ట్ అనే విలువ వచ్చాక దానికి మారాను. ఇప్పుడు అడిగి, అవునంటేనే నడుపుతుంది.

ఊహ మాత్రం గట్టిది. పక్కపక్క అక్షరాలు తారుమారైతే గిట్ దాన్ని తప్పుగానే లెక్కవేయదు, సున్నా మార్కులు. అక్షరం వదిలేస్తే 1, ఒకదాని బదులు ఇంకొకటి పడితే 2, అదనంగా పడితే 3. మొత్తం తక్కువున్న పేరే ముందుకొస్తుంది. వేగంగా కొట్టే చేతులు చేసే తప్పులను ఎరిగినవారే ఈ తూకం వేశారనిపిస్తుంది.

బ్రాంచి పేరు తప్పితే మాత్రం ఈ తెలివి ఏమైపోతుందో! ఒక బ్రాంచి నుంచి ఇంకోదానికి మారే చెకౌట్ కమాండులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అలాంటిదేదీ లేదని చెప్పి ఊరుకుంటుంది. ఈ విషయంలో ప్రోగ్రామింగ్ భాష పైథాన్ నయం. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి చరరాశి పేరు తప్పినా దగ్గరి పేరు సూచిస్తోంది. జీతం అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట హెచ్‌తో, ఇంకోచోట హెచ్ లేకుండా రాసే నాలాంటివారికి అది పెద్ద ఊరట.

పాత సెట్టింగుల ఫైలును కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవారు అందులో 1 ఉందేమో చూసుకోండి. కొత్త గిట్‌లో ఆ పదో వంతు సెకను కూడా ఆగదు, వెంటనే నడిపించేస్తుంది.