మాగ్నెటిక్ స్టాండ్‌తో వచ్చే డయల్ గేజ్ కిట్: అదిరే బ్రేకుల జబ్బు పట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

బ్రేక్ తొక్కగానే పెడల్ పాదాన్ని వెనక్కి తన్నుతుంటే, స్టీరింగ్ అటూ ఇటూ వణుకుతుంటే గ్యారేజీల్లో వినిపించే తీర్పు దాదాపు ఒకటే: "డిస్క్ బెండైంది, మార్చేయాలి." కొలత తీయకుండా ఇచ్చిన ఆ తీర్పుతో కొత్త డిస్కులు పడతాయి, బండి కొన్నాళ్లు మెత్తగా ఆగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే అదురు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు నింద ప్యాడ్ల మీదకో డిస్క్ కంపెనీ మీదకో పోతుంది. అసలు లోపం చాలాసార్లు డిస్క్ వెనక, హబ్ (డిస్కూ చక్రమూ బిగించే, బేరింగ్ మీద తిరిగే భాగం) మీద కూర్చుని ఉంటుంది. దాన్ని చూపించే పనిముట్టు డయల్ గేజ్ (అతి చిన్న కదలికని కూడా ముల్లుతో చూపించేది), దాన్ని కదలకుండా పట్టి ఉంచే మాగ్నెటిక్ స్టాండ్. రెండూ ఒకే పెట్టెలో వచ్చే కిట్ గురించే ఈ రివ్యూ. డిస్కులు తనే మార్చుకునేవాళ్లకి ఇది కొనదగ్గదే. కాకపోతే స్టాండ్ ఏ రకమో చూసి కొనాలి. పైగా ఇది చెప్పేది సగం జవాబే, మిగతా సగం మందం కొలిచే మైక్రోమీటర్ చెప్పాలి.

పెట్టెలో సాధారణంగా ఉండేవి మూడు: 0–10 మి.మీ. ప్రయాణం, 0.01 మి.మీ. గీతలు ఉన్న గేజ్. నాబ్ తిప్పితే పట్టుకునే, వెనక్కి తిప్పితే వదిలేసే అయస్కాంతపు దిమ్మె. ఆ రెంటినీ కలిపే చెయ్యి. గేజ్ విషయంలో పెద్దగా తేడాలు ఉండవు. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ., చిన్న ముల్లు చుట్లు లెక్కపెడుతుంది. మామూలు రకం గేజ్ కూడా ఈ పనికి సరిపోతుంది. ముల్లు తిరిగి సున్నా దగ్గరికే వస్తోందా అన్నది మాత్రం కొనేటప్పుడే చూసుకోవాలి. ప్లంజర్‌ని (గేజ్ మొన ఉన్న కదిలే కడ్డీని) వేలితో నాలుగైదుసార్లు ఎత్తి వదిలినప్పుడు ప్రతిసారీ వేరే గీత మీద ఆగితే ఆ గేజ్ తీసుకోవద్దు.

తేడా అంతా స్టాండ్ చేతిలోనే. పూసలు గుచ్చినట్టు వంగే చెయ్యి దుకాణంలో ఆకర్షణగా ఉంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. బిగించిన తర్వాత కూడా కొంచెం సాగుతుంది, డిస్క్ తిప్పుతుంటే ముల్లు తనంతట తానే రెండు మూడు గీతలు జరుగుతుంది. 0.05 మి.మీ. కోసం వెతుకుతున్నప్పుడు 0.03 స్టాండ్‌దే అయితే ఆ కొలతకి అర్థం లేదు. మూడు కీళ్లనీ ఒకే నాబ్‌తో బిగించే గట్టి చెయ్యి, చివర సన్నగా సర్దే స్క్రూ ఉన్నది మేలు. సెట్ చేశాక గేజ్‌ని వేలితో తేలిగ్గా తట్టి చూడండి. ముల్లు కదిలి మళ్లీ అదే గీత మీదకి రావాలి.

ఇంకో ఇబ్బంది పెట్టె మీద ఎవరూ రాయరు. చాలా కార్లలో స్టీరింగ్ నకిల్ (హబ్‌ని మోసే భాగం) ఇప్పుడు అల్యూమినియం. అయస్కాంతం దానికి అంటదు. స్ట్రట్ (సస్పెన్షన్‌లోని షాక్ అబ్జార్బర్) గొట్టానికి అతికిద్దామంటే దిమ్మె అడుగున ఉన్న వి ఆకారపు గాడి కొన్నిటికే నప్పుతుంది. అలాంటి బండికి దిమ్మెకి బదులు లాకింగ్ ప్లయర్ లాంటి క్లాంప్ ఉన్న కిట్ తీసుకోవాలి. మీ బండి నకిల్‌కి ఒక చిన్న అయస్కాంతం పెట్టి చూస్తే కొనేముందే తేలిపోతుంది.

గేజ్ బయటికి తీసేముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి, లేకపోతే లేని చోట వెతుకుతారు. చక్రం వేగంతో పాటు అదురు వేగం కూడా తగ్గుతూ వస్తే అది డిస్క్ లేదా డ్రమ్ సంగతి. జారే రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే గరగరమంటూ వచ్చేది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) తన పని తాను చేయడం. పొడి రోడ్డు మీద మెల్లగా ఆపుతున్నా, సరిగ్గా బండి ఆగబోయే ముందు గరగరమంటే వీల్ స్పీడ్ సెన్సర్‌నో దాని పళ్ల రింగునో చూడాలి, డిస్కుని కాదు. బ్రేక్ తొక్కకపోయినా వణుకుతుంటే టైరు, వీల్ బ్యాలెన్స్ వైపు వెళ్లాలి. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు అదిరితే ఎక్కువగా వెనకవి. లీవర్ హ్యాండ్ బ్రేక్ ఉన్న బండిలో ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో బటన్ నొక్కి ఉంచి, లీవర్‌ని నెమ్మదిగా లాగితే వెనక బ్రేకులు విడిగా బయటపడతాయి. వెనక డిస్క్ లోపల హ్యాండ్ బ్రేక్‌కి వేరే చిన్న డ్రమ్ ఉండే బళ్లలో ఈ పరీక్ష ఆ డ్రమ్ గురించే చెబుతుంది, డిస్క్ గురించి ఏమీ చెప్పదు.

ఇక కొలత. బండిని జాకీ స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి, క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) విప్పి వైరుతో వేలాడదీయాలి. బ్రేక్ గొట్టం మీద బరువు పడకూడదు. చక్రం తీసేశాక డిస్క్ హబ్ మీద వదులుగా ఉంటుంది, దాన్ని పట్టుకునే చిన్న స్క్రూ ఈ పనికి చాలదు. చక్రం నట్ల కింద మందపాటి వాషర్లు వేసి అన్నిటినీ క్రాస్ వరుసలో 40–50 న్యూటన్ మీటర్లకి సమానంగా బిగించాలి. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. గేజ్ తప్పు చూపించిందని చెప్పేవాళ్లలో చాలామంది వదిలేసేది ఈ నట్ల సంగతే.

ప్లంజర్ మొన డిస్క్ బయటి అంచు నుంచి 10 మి.మీ. లోపలికి ఆనాలి. అంచున తుప్పు గట్టు ఉంటుంది, అక్కడ పెట్టకూడదు. చిన్న ముల్లు 1 చూపించేదాకా లోపలికి నొక్కి బిగించాలి, అప్పుడే ముల్లు రెండు వైపులా తిరగగలదు. ప్లంజర్ డిస్కుకి నిలువుగా ఉండాలి. 30 డిగ్రీలు ఒరిగితే గేజ్ అసలు కన్నా 15 శాతం ఎక్కువ చూపిస్తుంది. తర్వాత డిస్కుని ఒకే దిశలో నెమ్మదిగా పూర్తి చుట్టు తిప్పి, అతి తక్కువ గీత దగ్గర గేజ్‌ని సున్నా చేసి, మళ్లీ తిప్పి అతి ఎక్కువ ఎక్కడో చూసి అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాలి. కొలతకి ముందు డిస్కుని రెండు చేతులతో పట్టి లోపలికీ బయటికీ తోసి చూడండి. ముల్లు కదిలి అక్కడే ఉండిపోతుంటే వీల్ బేరింగ్‌లో వదులు (ప్లే) ఉంది. బేరింగ్ సంగతి తేలేదాకా మిగతా అంకెలు నమ్మొద్దు.

చాలా కార్లకి బిగించిన డిస్క్ ఊగుడు (చుట్టు తిరిగేటప్పుడు ముఖం పక్కకి కదిలే మేర) 0.05 మి.మీ. దాటకూడదు, కొన్నిటికి 0.10 దాకా అనుమతి ఉంటుంది. అంకె కన్నా ముల్లు కదిలే తీరే ఎక్కువ చెబుతుంది. చుట్టుకి ఒక ఎత్తు, దానికి సరిగ్గా ఎదురుగా ఒక పల్లం వస్తే డిస్క్ వంకరపోలేదు, ఒరిగి కూర్చుంది. చుట్టులో రెండు మూడు ఎత్తులు వస్తే డిస్క్ రూపమే మారింది, లేదా నట్లు ఎగుడుదిగుడుగా బిగిశాయి. ఈ తేడా చూపించడం ఒక్కటే చాలు కిట్ కొన్న డబ్బుకి న్యాయం జరగడానికి.

ఒరగడానికి ఎంత తుప్పు కావాలో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హబ్ ముఖం అడ్డుకొలత 140 మి.మీ., కొలిచే చోట డిస్క్ అడ్డుకొలత 250 మి.మీ. అనుకుందాం. హబ్ అంచున 0.05 మి.మీ. తుప్పు పొర ఒకే పక్కన ఉంటే గేజ్ దగ్గర అది సుమారు 0.09 అవుతుంది. సన్న కాగితం మందం కూడా లేని పొర డిస్కుని హద్దు దాటించేస్తుంది. అందుకే ఊగుడు ఎక్కువొస్తే డిస్క్ తీసి హబ్ ముఖాన్ని, ముఖ్యంగా స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టుల) మొదళ్ల చుట్టూ, వైర్ బ్రష్‌తోనూ ఎమరీ పేపర్‌తోనూ లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. డిస్క్ లోపలి ముఖం కూడా అంతే. తర్వాత గేజ్‌ని హబ్ ముఖం మీదే పెట్టి కొలిచి చూడాలి. అక్కడే 0.03–0.05 దాటితే లోపం హబ్‌దో బేరింగ్‌దో, ఏ డిస్క్ వేసినా అదురు తిరిగి వస్తుంది.

హబ్ బాగుంటే డిస్కుని ఒక స్టడ్ పక్కకి జరిపి బిగించి మళ్లీ కొలవండి. ఐదు స్టడ్లున్న హబ్‌లో ఐదు స్థానాలు, ప్రతిదానికీ ఒక అంకె. హబ్ ఎత్తు, డిస్క్ పల్లం ఒకదాన్నొకటి కొట్టేసుకునే స్థానంలో ఊగుడు బాగా పడిపోతుంది. రిటైనింగ్ స్క్రూ రంధ్రం ఒకే చోట ఉన్న డిస్కులకి ఈ వెసులుబాటు లేదు. అప్పుడు ఒక పక్క పల్చగా, ఇంకో పక్క మందంగా ఉండే కరెక్షన్ ప్లేట్లు దొరుకుతాయి. సాధారణంగా అవి 0.08, 0.15, 0.23 మి.మీ. మేర సరిదిద్దే రకాలు. మందమైన వైపు పల్లం దగ్గరికి రావాలి. ఇక్కడ గేజ్ లేకుండా ప్లేటు వేయడం చీకట్లో రాయి విసరడమే. ఇవేవీ కుదరకపోతే బండి మీదే డిస్కుని చెక్కే ఆన్ కార్ లేత్ ఉన్న చోటికి వెళ్లాలి. అది హబ్ ఒరుగుని కూడా లెక్కలోకి తీసుకుని చెక్కుతుంది. డిస్క్ విప్పి బల్ల లేత్ మీద టర్నింగ్ చేయిస్తే డిస్క్ మాత్రమే సరవుతుంది, హబ్ లోపం అలాగే మిగులుతుంది.

ఇప్పుడు ఈ కిట్ చేయలేని పని. నిజానికి పెడల్‌ని తన్నేది ఊగుడు కాదు, డిస్క్ మందంలో తేడా. తేలే క్యాలిపర్ (స్లైడ్ పిన్ల మీద పక్కకి జరిగే రకం) ఊగుడుతో పాటు తనూ కదులుతుంది, కాబట్టి కొత్త డిస్క్ ఊగుతున్నా మొదట్లో పెడల్‌కి ఏమీ తెలియదు. బ్రేక్ తొక్కనప్పుడు కూడా ఎత్తు భాగం చుట్టుకోసారి ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది, అక్కడ డిస్క్ అరిగి పల్చబడుతుంది. 0.01–0.02 మి.మీ. తేడా వచ్చేసరికి కాలికి తెలియడం మొదలవుతుంది. అదురు నెలల తర్వాత రావడానికి కారణం ఇదే. స్లైడ్ పిన్లు పట్టేసినా, పిస్టన్ వెనక్కి జరగకపోయినా ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వాటిని తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాయకుండా డిస్క్ ఒక్కటే సరిచేస్తే పని సగంలో ఆపినట్టే.

మందం తేడాకి మైక్రోమీటర్ కావాలి. వర్నియర్ క్యాలిపర్ పనికిరాదు. దాని దవడలు అంచు గట్టు మీద కూర్చుని తప్పు చెబుతాయి, పైగా 0.02 దాని హద్దు. వెనక సాదా డిస్కులకి 0–25 మి.మీ. మైక్రోమీటర్ సరిపోతుంది. ముందు గాలి సందులున్న డిస్కులు 22 నుంచి 28 దాకా ఉంటాయి కాబట్టి కొన్నిటికి 25–50 కావాలి. అంచు నుంచి ఒకే దూరంలో చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి రాసుకోవాలి, గేజ్‌తో గుర్తు పెట్టిన ఎత్తు దగ్గర ఒకటి తప్పనిసరిగా. పల్చని చోటు ఆ గుర్తు దగ్గరే వస్తే కారణం, ఫలితం రెండూ చేతికి చిక్కినట్టే. డిస్క్ మీద పోతపోసిన కనీస మందం కన్నా తక్కువ వచ్చినా, చెక్కాక తక్కువయ్యేలా ఉన్నా మార్చడమే. బాగా వేడెక్కిన బ్రేకులతో ఆగి, పెడల్ అలాగే తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటుకుంటుంది. అది నీలి మచ్చగానో బూడిదరంగు ప్యాడ్ ఆకారంగానో కనిపిస్తుంది. అక్కడ ఇనుము గట్టిపడి ఉంటే పైపైన ఎమరీ రుద్దినా కొద్దిరోజుల్లో తిరిగొస్తుంది.

బిగింపులో చేసే పొరపాటు ఈ శ్రమంతా వృథా చేస్తుంది. ఇంపాక్ట్ గన్‌తో ఒక్కో నట్టు ఒక్కో బిగువుకి వెళ్తుంది, డిస్క్ ఒరుగుతుంది. టార్క్ రెంచ్‌తో, క్రాస్ వరుసలో, రెండు మూడు విడతల్లో బిగించాలి. చాలా కార్లకి 100–120 న్యూటన్ మీటర్లు, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. కొత్త ప్యాడ్లు, డిస్కులు వేస్తే 60 నుంచి 15 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది పదిసార్లు ఓ మోస్తరుగా బ్రేక్ వేసి, పూర్తిగా ఆగకుండా, మధ్య మధ్య గాలి తగలనిస్తూ నడిపితే ప్యాడ్ పొర సమంగా పడుతుంది.

డిజిటల్ గేజ్ ఉన్న కిట్లూ దొరుకుతాయి. తిరిగే డిస్క్ మీద అంకెలు గెంతుతూ ఉంటే ఎత్తుపల్లాల తీరు కంటికి అందదు. గరిష్ఠం, కనిష్ఠం నిలిపి చూపించే బటన్ ఉంటే తప్ప ముల్లు గేజే నయం. లీవర్ రకం గేజ్ (కడ్డీకి బదులు పక్కకి ఊగే చిన్న మొన ఉండేది) ఇరుకు చోట బాగా పనిచేస్తుంది. దాని ప్రయాణం సాధారణంగా 0.8 మి.మీ. మాత్రమే కాబట్టి సెట్ చేసేటప్పుడు ఓపిక కావాలి.

వాడకంలో రెండు జాగ్రత్తలు. ప్లంజర్‌కి నూనె వేయొద్దు, దుమ్ము పట్టి అతుక్కుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. బ్రేక్ దుమ్ములో ఇనుప రజను ఉంటుంది, అది దిమ్మె అడుగున గడ్డంలా పేరుకుంటుంది. పెట్టిన ప్రతిసారీ నాబ్ ఆపి అడుగు తుడవకపోతే దిమ్మె ఆ రజను మీదే ఊగుతుంది, గేజ్ ఆ ఊగుని డిస్క్ ఖాతాలో రాస్తుంది.