లా కాలేజీ ఉచిత అసైలం క్లినిక్: మా చెల్లె కేసుతో నా అనుభవం

మా చిన్నమ్మ బిడ్డకు అసైలం (సొంత దేశం వెళ్తే హాని జరుగుతుందని భయపడేవాళ్ళకు అమెరికా ఇచ్చే ఆశ్రయం) కోసం రెండు చోట్లకు తిరిగాం. ఒకటి మాకు దగ్గర్లోని కన్సల్టెన్సీ. రెండోది న్యూజెర్సీలోనే ఒక లా కాలేజీ నడిపే ఇమ్మిగ్రేషన్ క్లినిక్. అక్కడ ప్రొఫెసర్ పక్కనుండగా లా విద్యార్థులే కేసు చూస్తారు, పైసా తీసుకోరు. ఈ రివ్యూ క్లినిక్ గురించే. కానీ కన్సల్టెన్సీ సంగతి చెప్పకపోతే ఇది ఎందుకు రాస్తున్నానో మీకు తెలియదు.

చెల్లె 2022 ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో తనతో చదివిన అబ్బాయిని ఇక్కడే మున్సిపల్ ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. అబ్బాయి దళితుడు. మాది సూర్యాపేట వైపు, భూములున్న కుటుంబం. పెళ్ళి ఫోటో ఊళ్ళో వాట్సాప్ గ్రూపులో పడింది. ఆ రాత్రి నుంచే మా బాబాయి, అంటే చెల్లె నాన్న, వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే అబ్బాయి తమ్ముణ్ణి బస్టాండు దగ్గర పట్టుకుని కొట్టారు.

కన్సల్టెన్సీ ఆయన పది నిమిషాల్లో తేల్చేశాడు. "కులం గొడవ ఇక్కడ ఎవరికి అర్థమైతది మేడమ్? అబ్బాయి ఫలానా పార్టీ కార్యకర్త, ఎదుటి పార్టీవాళ్ళు కొట్టిన్రు అని రాద్దాం. ఆర్నెల్లకు ఈఏడీ, అదే వర్క్ పర్మిట్, చేతిలో ఉంటది." నాలుగు వేల డాలర్లు అడిగాడు. నమూనా అని మా ముందు పెట్టిన కాగితాల్లో ఇంకెవరిదో కథ ఉంది. పేరు మీద వైట్‌నర్ పూశారు. పోలీస్ స్టేషన్ పేరు రాసే చోటు ఖాళీగా వదిలారు. చెల్లె ఈ దేశం ఎప్పుడు వచ్చిందని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

2025 జనవరిలో క్లినిక్‌కి వెళ్తే మొట్టమొదట అడిగింది అదే. దేశంలోకి వచ్చిన తేదీ ఉండే ఐ-94 రికార్డు ప్రింటు తీసి, ఆ తేదీ కింద పెన్సిల్‌తో గీత గీశారు. దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు అసైలం వేయాలన్నది 1996 చట్టం నుంచి ఉన్న నియమం. చెల్లె వచ్చి రెండున్నరేళ్ళు కావస్తోంది. నా గుండె జారిపోయింది. అప్పుడు ప్రొఫెసర్ మినహాయింపులు చెప్పింది: పరిస్థితులు మారి కొత్త భయం పుట్టినా, చట్టబద్ధమైన స్టేటస్‌లో కొనసాగుతున్నా ఆలస్యాన్ని మన్నించవచ్చు, అయితే ఆ తర్వాత సహేతుకమైన కాలంలో వేయాలి. చెల్లె స్టూడెంట్ స్టేటస్ (ఎఫ్-1) ఎక్కడా తెగలేదు, బెదిరింపులు మొదలైంది పెళ్ళి తర్వాతే. "దారి ఉంది, కానీ ఇంక ఆలస్యం చేయొద్దు" అంది.

కన్సల్టెన్సీ చెప్పిన కథ గురించి అడిగాను. ప్రొఫెసర్ అసైలం దరఖాస్తు ఫారం ఐ-589 తిప్పి, సంతకం పెట్టే చోట ఉన్న హెచ్చరిక చూపించింది. తెలిసి తెలిసి కల్పించిన కేసు వేశారని తేలితే ఇమ్మిగ్రేషన్ చట్టం కింద ఏ ప్రయోజనానికీ శాశ్వతంగా అర్హత ఉండదు. హెచ్-1 వీసా మీద చేసే ఉద్యోగం పోయి, ఇక్కడ ఉండడానికి మిగిలిన అరవై రోజులు లెక్కపెట్టుకుంటున్న మన పిల్లలకు "అసైలం వెయ్యి, నూటయాభై రోజులకు వర్క్ పర్మిట్‌కి అప్లై చేయొచ్చు" అని ఎందరు సలహా ఇస్తున్నారో నేను చెవులారా విన్నాను. ఈ హెచ్చరిక మాత్రం ఎవరి నోటా వినలేదు.

తర్వాత అసలు ప్రశ్న: అర్హత ఉందా? జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఇంకా ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం. ఈ ఐదింటిలో ఒకదాని వల్లే హాని జరిగిందనో, జరుగుతుందనో చూపాలి. ఐదోదాన్ని నేను పేపర్ల అలవాటులో "సామాజిక వర్గం" అని అనువదించాను. మరిది వెంటనే "అంటే కులమే కద వదినా" అన్నాడు. మన పేపర్లలో ఆ మాటకు అర్థం అదే మరి. చట్టంలో దాని పరిధి వేరట. మార్చుకోలేని, లేదా మార్చుకొమ్మని అడగకూడని లక్షణం ఉండాలి. ఎవరు అందులోకి వస్తారో హద్దు స్పష్టంగా ఉండాలి. అక్కడి సమాజం వాళ్ళను వేరుగా గుర్తించాలి. కులాంతర పెళ్ళి చేసుకున్న జంట అందులోకి వస్తుందని వాదించొచ్చు, ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేమని ముక్కుసూటిగా చెప్పారు.

భయం ఎంత ఉండాలన్నదీ అడిగాను. నూటికి యాభై పాళ్ళు ఉండక్కర్లేదు, పది పాళ్ళ అవకాశమైనా సమంజసమైన భయమే కావచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే చెప్పిందట.

రెండో మీటింగ్‌లో వాయిస్ మెసేజ్‌లు విన్నాం. "మళ్ల ఊర్ల అడుగు వెడితే ఇద్దర్ని కలిపి సంపుత, గుంత తవ్వి పెట్టిన." నేను అనువదించింది: చాలా కోపంగా ఉన్నారు, ఇంటికి రావద్దంటున్నారు. ఆయన మా బాబాయి, నన్ను ఎత్తుకుని పెంచినవాడు. ఆ మాట ఇంగ్లీషులో పెట్టడానికి నాకు నోరు రాలేదు. కేసు రాస్తున్న విద్యార్థిని ఫోన్ ఆపింది. "మెసేజ్ ఇరవై సెకన్లు ఉంది, మీరు ఒక్క వాక్యమే చెప్పారు. ప్రతి మాటా చెప్పండి" అంది నెమ్మదిగా. చెప్పాను. అప్పుడు చెల్లెను అడిగింది, మీ ఇళ్ళల్లో ఇలా మాట్లాడడం మామూలేనా అని. "అమ్మ అంటది, అన్నం తినకపోతే సంపుత అని. నాన్న జన్మల అనలే. అనే మనిషి గాదు" అంది చెల్లె. ఆ మాట ఉన్నదున్నట్టు అఫిడవిట్‌లోకి వెళ్ళింది. ఈ క్లినిక్ విలువంతా నాకు ఆ పది నిమిషాల్లో కనిపించింది.

అయితే హాని చేసేది ప్రభుత్వం కాదు, ఇంటివాళ్ళు. కాబట్టి పోలీసులు కాపాడలేరనో, కాపాడరనో చూపాలి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో బతకలేరా అన్నదానికీ జవాబుండాలి. మార్చి 10న మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసులో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగతావాళ్ళకు యావజ్జీవం వేసింది. అమ్మాయి తండ్రి సుపారీ ఇచ్చి, 2018లో ఆస్పత్రి బయట పట్టపగలు చంపించిన కేసు అది. మా జిల్లా పక్కనే. ఇది మనకు బలమనుకుని నేను సంబరంగా లింకు పంపాను. ప్రొఫెసర్ రెండు వైపులా చూపింది. శిక్ష పడింది కాబట్టి రాజ్యం పట్టించుకుంటోందని ఎదుటివాళ్ళు అనొచ్చు. ప్రాణం పోయాక, ఆరున్నరేళ్ళకు వచ్చిన తీర్పు కాపాడడం కాదని మనం అనాలి. రెండూ రాసుకునే ముందుకెళ్ళాం.

సంతకానికి ముందు ఇంకో మాట చెప్పారు. కేసు నడుస్తుండగా ఇండియా వెళ్తే దాన్ని వదులుకున్నట్టే లెక్కగడతారు. "మీ అమ్మకు బాగోలేకపోయినా వెళ్ళలేవు, అది ఆలోచించుకునిరా" అని చెల్లెను వారం ఆగమన్నారు. చిన్నమ్మకు షుగరు. ఆ వారం చెల్లె మా ఇంట్లోనే ఉంది, రోజూ చిన్నమ్మతో దొంగచాటుగా వీడియో కాల్. ఎనిమిదో రోజు వెళ్ళి సంతకం పెట్టింది. ఏప్రిల్‌లో కేసు వేశాం, మరిది పేరు కూడా భర్తగా అందులోనే చేర్చారు.

లోపాలూ ఉన్నాయి. అపాయింట్‌మెంట్‌కి ఏడు వారాలు ఆగాం. తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. సెమిస్టర్ అయిపోగానే ఆ విద్యార్థిని వెళ్ళిపోయింది, ఆగస్టులో కొత్త అబ్బాయికి చెల్లె మొత్తం మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇది మాత్రం వాళ్ళు సరిదిద్దుకోవాలి. ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను.

వెళ్ళేవాళ్ళు ఐ-94, పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఐ-20లన్నీ పట్టుకెళ్ళండి. వాయిస్ మెసేజ్‌లు ఫోన్‌లోంచి చెరపొద్దు. తెలుగు కాగితాలకు పూర్తి అనువాదం, అనువదించినవారి సంతకంతో ధ్రువీకరణ కావాలి. అసైలం ఆఫీసు ఇంటర్వ్యూకి దుబాసీని మనమే తీసుకెళ్ళాలి, సాక్షి ఆ పని చేయకూడదు. నేను సాక్షిగా ఉత్తరం రాశాను కాబట్టి చెల్లె ఇంటర్వ్యూకి తెలుగు, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన మనిషి కోసం ఇప్పుడు వెతుకుతున్నాం.