ఆఫ్టర్ స్కూల్ ఫీజు: ఎఫ్‌ఎస్‌ఏ మేలా, టాక్స్ క్రెడిట్ మేలా?

కంపెనీ బెనిఫిట్లు ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వచ్చిందంటే అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మన తల్లిదండ్రులు అడిగేది ఇదే. స్కూలుకు ముందు, తర్వాత పిల్లల్ని చూసుకునే బిఫోర్ కేర్, ఆఫ్టర్ కేర్ ఫీజుకు డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (జీతంలోంచి పన్ను పడకముందే పక్కన పెట్టుకునే ఖాతా) పెట్టుకోవాలా, టాక్స్ ఫైలింగ్‌లో క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) తీసుకోవాలా? "ఎఫ్‌ఎస్‌ఏ పెట్టేయండి" అన్న జవాబు 2025 దాకా చాలామందికి సరిపోయింది. 2026 నుంచి లెక్క మారింది. ఎఫ్‌ఎస్‌ఏ పరిమితి కుటుంబం మొత్తానికి 5,000 డాలర్ల నుంచి 7,500కి పెరిగింది. క్రెడిట్ శాతమూ పెరిగింది. కానీ క్రెడిట్‌కు లెక్కించే ఖర్చు ఒక బిడ్డకు 3,000, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 6,000 దగ్గరే ఆగిపోయింది.

అందుకే జీతం కన్నా ముందు పిల్లలెందరో చూడాలి.

ఉదాహరణకు, జాయింట్‌గా ఫైల్ చేసే దంపతులకు ఏజీఐ (టాక్స్ రిటర్న్‌లో సర్దుబాట్లు పోగా తేలే ఆదాయం) లక్షా 80 వేలు, 22 శాతం శ్లాబు, టెక్సాస్ కాబట్టి రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఒక్క పాప, ఏడాదికి 6,000 ఖర్చు. ఎఫ్‌ఎస్‌ఏలో పెడితే 22 శాతానికి తోడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం కూడా తప్పుతుంది. 1,779 డాలర్లు మిగులుతాయి. క్రెడిట్ అయితే ఆ ఆదాయానికి 27 శాతం, అదీ 3,000 మీదే. వచ్చేది 810. ఇక్కడ ఆలోచించేదేమీ లేదు.

అదే దంపతులకు ఇద్దరు పిల్లలు, ఏజీఐ లక్షా 60 వేలు, మొత్తం ఖర్చు 6,000 అనుకోండి. ఎఫ్‌ఎస్‌ఏలో మిగిలేది అదే 1,779. క్రెడిట్ 32 శాతం, అంటే 1,920. పైగా ఏడాదికి ఎంత పెట్టాలో ముందే ఖరారు చేసుకోనక్కర్లేదు. ఏజీఐ 90 వేలు, 12 శాతం శ్లాబులో ఉన్న ఇద్దరు పిల్లల కుటుంబానికి తేడా ఇంకా పెద్దది: క్రెడిట్ 2,100, ఎఫ్‌ఎస్‌ఏ 1,179. ఇలాంటి ఇంట్లో స్నేహితులు పెట్టారని ఎఫ్‌ఎస్‌ఏ పెడితే చేజేతులా నష్టం. ఎఫ్‌ఎస్‌ఏలో పెట్టిన ప్రతి డాలరూ ఆ 6,000 లోంచి తగ్గిపోతుంది కాబట్టి, 6,000 పైన పెడితే ఈ క్రెడిట్ లెక్కించే ఫారం 2441లో క్రెడిట్‌కు ఏమీ మిగలదు.

ఖర్చు 7,500 దాటి, ఆదాయం లక్షా 70 వేలు మించితే మాత్రం ఇద్దరు పిల్లలకైనా నా ఓటు ఎఫ్‌ఎస్‌ఏకే. పెట్టేటప్పుడు ఎవరి జీతంలోంచి అన్నది చూసుకోండి. 2026లో 1,84,500 దాటిన జీతానికి సోషల్ సెక్యూరిటీ కోత ఎలాగూ ఆగిపోతుంది. అంతకన్నా తక్కువ జీతం ఉన్నవారి పేరున పెడితేనే ఆ 7.65 శాతం పూర్తిగా దక్కుతుంది. కంపెనీ ప్లాన్ ఇంకా 5,000 దగ్గరే ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి.

ఎఫ్‌ఎస్‌ఏలో చిక్కులున్నాయి. వైద్య ఖర్చులకు పెట్టుకునే హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏలాగా జనవరిలోనే మొత్తం చేతికి రాదు. జీతంలోంచి పడినంతే క్లెయిమ్ చేయగలరు. మిగిలినది వచ్చే ఏడాదికి వెళ్లదు, కొన్ని ప్లాన్లు రెండున్నర నెలల గడువిస్తాయంతే. లేఆఫ్ అయితే ఉన్న సొమ్ము ఖర్చు పెట్టుకోనిస్తారా లేదా అన్నది ప్లాన్ మీద ఆధారపడుతుంది, హెచ్1బీలో ఉన్నవారు ఇది ముందే చదువుకోవాలి. డేకేర్ మారినా, ఫీజు మారినా సాధారణంగా 30 రోజుల్లో మొత్తాన్ని మార్చుకోవచ్చు.

రెండింటికీ కొన్ని నియమాలు ఒకటే. దంపతుల్లో ఒకరు హెచ్4లో (హెచ్1బీ వారి జీవిత భాగస్వామికిచ్చే వీసా) ఉండి పని చేయకపోతే ఏదీ రాదు, ఫుల్‌టైమ్ విద్యార్థి అయితేనో, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉంటేనో తప్ప. బిడ్డకు 13 నిండిన రోజు నుంచి ఖర్చు చెల్లదు. కూచిపూడి క్లాసు, మ్యాథ్ ట్యూషన్ లెక్కలోకి రావు. సమ్మర్ డే క్యాంప్ వస్తుంది, రాత్రి ఉండేది రాదు. పక్కింటి ఆంటీకి క్యాష్ ఇస్తే ఆవిడ ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కావాలి, ఆ వివరాలు తీసుకునే ఫారం డబ్ల్యూ-10 ముందే నింపించుకోండి.

ఇంటికి నానీని పెడితే 2026లో ఆవిడ జీతం 3,000 డాలర్లు చేరగానే షెడ్యూల్ హెచ్ (ఇంటి పనివారి జీతం మీద యజమాని కట్టే పన్నుల ఫారం) మీ నెత్తిన పడుతుంది. ఇద్దరు చిన్నపిల్లలుంటే తప్ప గిట్టదు. బీ2 విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మా తాతయ్యలకు డబ్బివ్వకూడదు. గ్రీన్ కార్డు ఉండి, మీ డిపెండెంట్లు కాకపోతే ఇచ్చిన జీతం క్లెయిమ్ చేసుకోవచ్చు.