అకీరా: ముందు సినిమానా, మాంగానా?

కత్సుహిరో ఒటోమో గీసిన 'అకీరా' మాంగా (జపనీస్ కామిక్) 1982లో మొదలై 1990లో ముగిసింది. ఆరు సంపుటాలు, రెండు వేలకు పైగా పేజీలు. దాని యానిమేషన్ సినిమా మాత్రం 1988లోనే వచ్చేసింది. దర్శకుడూ ఒటోమోనే కాబట్టి, తన కథకి తానే ముందుగా ఇంకో ముగింపు రాసుకున్నాడన్నమాట.

సినిమా 124 నిమిషాలు. కథ జరిగే భవిష్యత్ నగరం నియో టోక్యో రాత్రుల్లో బైకుల వెనక సాగే ఎర్రటి వెలుగు చారలు, గేయ్‌నో యమషిరోగుమి బృందం సంగీతం కాగితం మీద ఎలాగూ దొరకవు. జపాన్‌లో మామూలుగా బొమ్మలయ్యాక డైలాగులు చెప్పిస్తారు. ఇక్కడ చాలావరకు ముందే రికార్డు చేసి, పెదవుల కదలికను దానికి తగ్గట్టు గీశారు. ఆ తేడా కంటికి తెలుస్తుంది.

కానీ కథ దగ్గరికొస్తే మాంగాదే పైచేయి. సినిమాలో అకీరా అంటే గాజు సీసాల్లో దాచిన అవశేషాలు, అంతే. మాంగాలో బతికున్న పిల్లాడు. వాడి వల్ల నగరం మరోసారి కూలిపోతుంది, మిగతా కథంతా ఆ శిథిలాల మీదే నడుస్తుంది. సినిమాలో అలా కనిపించి పోయే మతగురువు మియాకో ఇక్కడ పెద్ద పాత్ర. అతీత శక్తులొచ్చి అదుపు తప్పే బైకు కుర్రాడు టెట్సువో ఎందుకలా తయారయ్యాడో నిదానంగా అర్థమవుతుంది. సినిమా చివరి అరగంటలో నాకైతే బుర్ర తిరిగిపోయింది!

అయినా నా ఓటు ముందు సినిమాకే, అదీ వీలైనంత పెద్ద తెర మీద. బుర్ర తిరిగాక మాంగా మొదటి సంపుటం అందుకోండి.