టంగ్ క్రిబ్ బాగానే పనిచేసింది, కానీ మా అమ్మాయికి మింగడం నేర్పింది మాత్రం చిన్న రబ్బరు బ్యాండే

దవడ పళ్లు కరిచినా ముందు పళ్లు కలవని ఓపెన్ బైట్ మా అమ్మాయిది. నాలుక ముందుకు తోసుకురాకుండా పై పళ్ల వెనక తీగలతో కట్టే టంగ్ క్రిబ్ పెట్టించాం, ఏడాది తిరక్కుండానే సందు దాదాపు పూడింది. తోటకూర తీగల్లో ఇరుక్కోవడం, 'స' సరిగ్గా పలకకపోవడం లాంటివి పెట్టించిన వాళ్లందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. అప్పట్లో అడిగిన ప్రతివాళ్లకీ క్రిబ్ పెట్టించేయండని చెప్పాను.

తీసేసిన కొన్ని నెలలకే సన్నగా మళ్లీ సందు కనిపించింది, ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. వేరే ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టర్) దగ్గరికి వెళ్తే ఆవిడ పళ్లు చూడకముందే గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకోమని, కింది పెదవిని బొటనవేలితో మెల్లగా కిందికి పట్టుకుని, "ఇప్పుడు మింగమ్మా" అన్నారు. సందులోంచి నాలుక కొస బయటికొచ్చింది, గడ్డం దగ్గర కండ బిగుసుకుంది. పసిపిల్లలు నాలుకను చిగుళ్ల మధ్యకు తెచ్చే మింగుతారట, పళ్లు వచ్చి గట్టి తిండి అలవాటయ్యాక చాలామందికి అది దానంతటదే మారుతుంది, మా పాపకు మారలేదు. క్రిబ్ ఉన్నన్నాళ్లూ అడ్డం ఉంది కాబట్టి నాలుక ఆగింది, అంతే. మొదటి క్లినిక్‌లో అన్నిసార్లు కూర్చోబెట్టి ఒక్కసారి కూడా మింగించి చూడలేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

ఆవిడ ఇచ్చింది బ్రేసులకు తగిలించే చిన్న రబ్బరు బ్యాండ్. దాన్ని నాలుక కొస మీద పెట్టుకుని, పై ముందు పళ్ల వెనక అంగిలి ఉబ్బెత్తుగా ఉండే చోటికి ఆనించి, దవడ పళ్లు కరిచి, పెదవులు తెరిచి ఉంచి మింగాలి. సరిగ్గా మింగితే బ్యాండ్ అక్కడే ఉంటుంది, నాలుక ముందుకొస్తే జారిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లకే తెలిసిపోతుంది, మనం వెనకాల పడి చెప్పక్కర్లేదు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అద్దం ముందు నిలబడి తనే పట్టుదలగా చేసేది. చిన్నపిల్లలైతే మాత్రం పెద్దవాళ్లు పక్కనుండాలి.

అలాగని తప్పంతా గుటకదే అనలేం. ఒక్క గుటక పట్టేది సెకను, రోజంతా వేసినవన్నీ కలిపినా నిమిషాల్లోనే తేలుతుంది. ఊరికే ఉన్నప్పుడు నాలుక, పెదవులు పళ్ల మీద పెట్టే చిన్న ఒత్తిడే ఎక్కువ లెక్కలోకి వస్తుందని అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ విలియం ప్రాఫిట్ 1978లోనే రాశారు. మా పాప నోరు తెరుచుకుని పడుకునేది, అప్పుడు నాలుక అంగిలికి ఆనదు. ముక్కు దిబ్బడకి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి మందులు వాడాకే ఎక్సర్‌సైజు పట్టుబడింది, కాబట్టి మెచ్చుకోలులో కొంత ఆ మందులకూ పోవాలి.

తనకు వేలు చప్పరించే అలవాటు లేదు, వయసు తొమ్మిది, చెప్తే వింటుంది. ఇవేవీ కలవని పిల్లలకు ఇంత బాగా కుదురుతుందని నేననలేను. ప్రస్తుతానికి ముందు పళ్లు కలుస్తున్నాయి, పళ్లు మళ్లీ కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ రాత్రిళ్లు పెట్టుకుంటోంది. క్రిబ్ పెట్టించుకోబోతుంటే, తీశాక మింగడం ఎవరు నేర్పిస్తారో ముందే అడగండి.