ఒంటారియో ప్రయోగ సరస్సులు: డాక్టరేట్ పరిశోధనకు ఎవరికి తగిన చోటు?

మంచినీటి జీవసముదాయాలపై పీహెచ్‌డీ చేయదలచి విదేశాల వైపు చూస్తున్న జంతుశాస్త్ర విద్యార్థులకు నేను మొదట చెప్పే పేరు, కెనడాలోని ఒంటారియో వాయవ్య భాగంలో ఉన్న ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా. 1968లో ఆరంభమైన ఈ కేంద్రంలో 58 చిన్న సరస్సులు ఉన్నాయి, వాటిని ఎక్కువగా అంకెలతోనే పిలుస్తారు. తొట్టెల్లోనో కుండీల్లోనో కాకుండా సరస్సు మొత్తాన్నే మార్చి ఏం జరుగుతుందో చూసే వీలు ఉండడమే దీని విలువ.

226వ సరస్సును 1973లో తెరతో రెండుగా విభజించి, భాస్వరం కలిపిన సగమే నాచుతో పచ్చబడిందని చూపిన ప్రయోగం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. అయితే జీవుల మధ్య సంబంధాలను చదివేవారికి 223వ సరస్సు మరింత విలువైన పాఠం. 1976 నుంచి దానిలో కొద్దికొద్దిగా ఆమ్లం కలుపుతూ పోగా, లేక్ ట్రౌట్ చేపలను ఆ ఆమ్లం నేరుగా చంపకముందే, అవి తినే మైసిస్ అనే చిన్న రొయ్యలూ ఫ్యాట్‌హెడ్ మిన్నోలనే చిన్న చేపలూ మాయమయ్యాయి. ఆహారం కరవై ట్రౌట్ చిక్కిపోయింది. 260వ సరస్సులో 2001 నుంచి 2003 వరకు గర్భనిరోధక మాత్రల్లోని కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను అత్యల్ప మోతాదులో కలిపినప్పుడు మిన్నోలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, వాటిని తినే ట్రౌట్ కూడా తగ్గింది. ఒక్కొక్క జాతిని విడదీసి ప్రయోగశాలలో పరీక్షిస్తే ఈ గొలుసు కనిపించేది కాదు.

ఇక లోపాలు. ఇది పట్టా ఇచ్చే సంస్థ కాదు. ఏదో ఒక విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి ఆచార్యుని ప్రాజెక్టు ద్వారానే ఇక్కడికి రావాలి. క్షేత్రపనిలో ఎక్కువ భాగం మంచు కరిగిన కొద్ది నెలల్లోనే ముగించుకోవాలి కాబట్టి, ఒక వేసవి చెడిపోతే ఏడాది పోయినట్టే. సరస్సు మొత్తంపై చేసే ప్రయోగాన్ని అలాంటివే మరికొన్ని సరస్సుల్లో తిరిగి చేసి చూడడం సాధారణంగా కుదరదు, అందుకే గణాంకశాస్త్రం తెలిసిన పరీక్షకులు మొదట పట్టుకునేది దానినే. నిధుల చరిత్ర కూడా మరచిపోరాదు: కెనడా ప్రభుత్వం 2012లో ఈ కేంద్రాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించగా, 2014లో ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ సస్టైనబుల్ డెవలప్‌మెంట్ నిర్వహణను స్వీకరించింది.

మన విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. అవి చల్లని, పోషకాలు తక్కువగా ఉన్న సరస్సులు; కొల్లేరు లోతు తక్కువ, వేడి ఎక్కువ, చుట్టూ చేపల చెరువులు. అక్కడి ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకదు. అక్కడ నేర్చుకోవలసింది ప్రశ్న వేసే పద్ధతి. నేరుగా కొల్లేరు మీదనే పనిచేయాలనే పట్టుదల ఉన్నవారికి ఇది తప్పుడు చోటని నా అభిప్రాయం.

దరఖాస్తు చేసేవారు ఆచార్యునికి రాసే ఉత్తరంలో ఆసక్తి ఉందని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, ఏ సరస్సు రికార్డులో ఏ రెండు జాతుల సంబంధాన్ని పరిశీలించదలచారో ఒక పేరాలో స్పష్టంగా రాయడం మేలు.